కాఫీ తాగండి

దైఫుల్లా పెద్దకొడుక్కి అపెండిక్స్ ఆపరేషన్ అయిందని కరక్ కొండ మీది ఆ అరబ్బుల ఊళ్ళో అందరూ చెప్పుకున్నారు. కాదని తెలిసినవాళ్ళు ముగ్గురే: దైఫుల్లా, అతని భార్య ఫిద్దా, ఆసుపత్రిలో డాక్టరమ్మ లుబ్నా. నాలుగోవాడు ఆ కొడుకే గాని, అతన్ని లెక్కలోకి తీసుకునే అలవాటు ఆ ఇంట్లో లేదు.

పదిహేడేళ్ళ రకాన్ ప్రాణం తీసుకోబోయాడు. ఎలా, దేనితో అన్నది చెప్పుకుని బాగుపడేవాళ్ళెవరూ లేరు కాబట్టి అది వదిలేద్దాం. తల్లి సమయానికి తలుపు తీసింది, పిల్లాడు బతికాడు. అంబులెన్స్ వెనకాల కారులో వెళ్తూనే దైఫుల్లా ఫోన్ చేసిన మొదటి చుట్టానికి అపెండిక్స్ అని చెప్పేశాడు. ఎంత భయంలో ఉన్నా అబద్ధం మాత్రం తడబడకుండా వచ్చింది. నలుగురికీ నచ్చేలా మాట్లాడడం అతనికి అంతగా ఒంటబట్టింది.

అక్కడ తగువు తెగాలన్నా, పెళ్ళి కుదరాలన్నా పెద్దమనుషులు గుంపుగా అవతలివాళ్ళ ఇంటికి వెళ్ళాలి. ఆ రాయబారాన్ని జాహా అంటారు. ఇంటివాళ్ళు చిట్టి కప్పుల్లో చేదు కాఫీ పోసిస్తారు. వచ్చినవాళ్ళలో పెద్ద ఆ కప్పు అందుకుని, తాగకుండా ముందు పెట్టుకుని, వచ్చిన పని చెబుతాడు. ఇంటాయన “కాఫీ తాగండి” అన్నాడంటే అడిగింది ఇచ్చేసినట్టే. అనలేదంటే కాఫీ చల్లారుతుంది, వచ్చినవాళ్ళ పరువూ చల్లారుతుంది. దైఫుల్లా ముందు పెట్టుకున్న కప్పు ఏ ఇంట్లోనూ చల్లారలేదు. కత్తులు దూసుకున్న అన్నదమ్ముల చేత ఒకే పళ్ళెంలో మన్సఫ్ మాంసాన్నం తినిపించిన ఘనుడు. ఎంతటి మొండివాడి మనసులో ఏముందో ఇట్టే కనిపెట్టేస్తాడని పేరు. సొంత కొడుకు మనసులో ఏముందో కనిపెట్టే అవసరం మాత్రం ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే కొడుకు ఎన్నడూ ఎదురు చెప్పినవాడు కాదు.

అంతటివాడి కొడుక్కి అపెండిక్స్ అంటే ఊరు ఊరుకుంటుందా? పళ్ళ బుట్టలతో, కునాఫా మిఠాయి పళ్ళేలతో ఆసుపత్రి మెట్లు నిండిపోయాయి. రకాన్ గోడవైపు తిరిగి పడుకుంటే, వచ్చినవాళ్ళంతా అతని వీపుతోనే మాట్లాడారు. ఎవరి అపెండిక్స్ కథ వాళ్ళు చెప్పుకున్నారు. వరసకు మేనమామ అయ్యే ముసలాయన ఒకడు తన కుట్లకంటే పెద్దవో చిన్నవో తేల్చుకుంటానని దుప్పటి లాగబోయాడు. ఈరోజుల్లో కుట్లు వెయ్యరు మామా, అంతా లేజరే అని దైఫుల్లా దుప్పటి మళ్ళీ కప్పాడు. ముసలాయన శాస్త్రవిజ్ఞానం ఎంత ముందుకెళ్ళిందో అని ఆశ్చర్యపోతూ వెళ్ళిపోయాడు.

ఇంటికి పంపేముందు డాక్టర్ లుబ్నా భార్యాభర్తలిద్దర్నీ తన గదికి పిలిపించింది. దైఫుల్లా అలవాటు కొద్దీ ముందు ఆవిడ ఎవరి మనవరాలో కనుక్కున్నాడు, ఆ తాతగారి అతిథిమర్యాదల్ని ఆయనెవరో తెలియకుండానే కాసేపు పొగిడాడు. ఆవిడ ఓపిగ్గా విని, ఇంట్లో ఇంతకుముందు ఎవరైనా ఇలా చేశారా అని అడిగింది.

“మా వంశంలోనా? అల్లా దయవల్ల అలాంటి మచ్చ లేదమ్మా. మా తమ్ముడు ఖలఫ్ చిన్నవయసులో పోయాడు గాని, అది లోయలో కాలు జారి” అన్నాడు దైఫుల్లా.

ఖలఫ్ గురించి ఆవిడ అడగనే లేదు. ఫిద్దా తల దించుకుంది.

తర్వాత అడిగినవాటికీ దైఫుల్లా అంతే ధీమాగా జవాబిచ్చాడు. నిద్రా? బ్రహ్మాండంగా పోతాడు, ఎప్పుడు చూసినా గదిలో పడుకునే ఉంటాడు. స్నేహితులా? మర్యాదస్తుడు, ఎవరి జోలికీ పోడు, ఈమధ్య మరీ బుద్ధిమంతుడై అసలు మాట్లాడ్డమే మానేశాడు. చచ్చిపోవాలని ఉందని ముందెప్పుడైనా అన్నాడా? వాళ్ళమ్మతో ఒకసారి అన్నాడట, పిల్లలన్నాక ఏదో అంటారు, నమాజు సరిగ్గా చేసుకోమని చెప్పాం. ఇంట్లో తుపాకీ ఉందా? ఎందుకు లేదు, తాతగారి నాటిది, చావడి గోడకి వేలాడుతూ ఉంటుంది, దాన్ని పేల్చనిదే మా ఇంట పెళ్ళి పెళ్ళి కాదు.

డాక్టరమ్మ ముఖం ఒక్కో జవాబుకీ వాడిపోతూ వచ్చింది. దైఫుల్లాకు మాత్రం పరీక్షలో అన్ని ప్రశ్నలకూ సరైన జవాబు రాసినంత తృప్తిగా ఉంది.

ఈమధ్య ఎవరైనా పిల్లాణ్ణి నలుగురిలో అవమానించారా అని చివరికి అడిగిందావిడ.

“అవమానమా? మావాడి పేరు మీద జరిగినంత గౌరవం ఈ ఊళ్ళో ఎవరికీ జరగలేదు” అని దైఫుల్లా కుర్చీలో ముందుకి జరిగాడు.

పోయిన వసంతంలో సత్తాం అనే కుర్రాడు, తన జట్టుతో కలిసి, బడి వెనక గోడ దగ్గర రకాన్ని పట్టుకున్నాడు. చొక్కా విప్పించి, మోకాళ్ళ మీద నడిపించి, మేకలా అరిపించి వీడియో తీశారు. అది చేరని ఫోన్ కరక్ లో లేదు. కుర్రాళ్ళన్నాక ఇలాంటివి మామూలే, అసలు సంగతి ఆ తర్వాత ఉందమ్మా, అని దైఫుల్లా ఆ ముక్కని రెండు మాటల్లో దాటేశాడు. సత్తాం వాళ్ళ తెగ మొత్తం జాహాగా కదిలొచ్చింది. వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి కార్లు. మాజీ మంత్రి ఒకాయన స్వయంగా కప్పు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళు పరిహారం ఎంత ఇమ్మంటే అంత ఇచ్చుకునేవాళ్ళే. కాని దైఫుల్లా లేచి నిలబడి, నా కొడుకు హక్కుని మీ పాదాల ముందు పెడుతున్నాను, నాకేమీ వద్దు, కాఫీ తాగండి, అన్నాడు. చావడి అంతా ఒక్కసారి లేచి నిలబడింది. మంత్రి అతని తల ముద్దు పెట్టుకున్నాడు. దైఫుల్లాది ఎముక లేని చెయ్యని ఇప్పటికీ చెప్పుకుంటారు.

“ఆరోజు కాఫీ ఎవరు పోశారు?” అంది లుబ్నా.

“రకానే. ఇంటి పెద్దకొడుకు పొయ్యాలి కదమ్మా.”

“ఆ సత్తాంకి కూడానా?”

“గడప లోపలికొచ్చాక అతిథే కదా.”

“వాణ్ణి క్షమిస్తావా అని రకాన్ని అడిగారా?”

దైఫుల్లా నవ్వాడు. “పిల్లాణ్ణి అడగడమేంటమ్మా? హక్కు ఇంటిది.”

ఫిద్దా నవ్వలేదు. డాక్టరమ్మా నవ్వలేదు. గండం గడవలేదని ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. ఒకసారి చేసినవాళ్ళు మళ్ళీ చేసే ప్రమాదం ఇంటికెళ్ళిన కొత్తలోనే ఎక్కువంది. తుపాకీ, మందులు ఇంట్లోంచి తీసెయ్యాలి. పిల్లాణ్ణి ఒంటరిగా వదలకూడదు, వారంవారం తన దగ్గరికి తీసుకురావాలి. అన్నిటికంటే ముఖ్యం, చావు గురించి అతన్నే సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడక్కర్లేదు, అడిగేవాళ్ళు లేకపోతేనే భయపడాలి.

“అడగండి. అడిగాక మాత్రం మీరు మాట్లాడకండి” అంది.

“నేను మాట్లాడకుండా ఎలాగమ్మా?” అన్నాడు దైఫుల్లా. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

ఇంటికి రాగానే ఫిద్దా ఎవరి అనుమతీ అడగలేదు. తుపాకీ దింపి కారులో తన తమ్ముడింటికి పంపించేసింది. మాత్రలన్నీ మూటగట్టి అదే కారులో పెట్టింది. రాత్రిళ్ళు కొడుకు గదిలోనే పక్క వేసుకుంది. చావడి గోడకు ఉత్త మేకు మిగిలింది. చూడవచ్చినవాళ్ళందరి కళ్ళూ రోగిని వదిలి ఆ మేకు మీదే పడ్డాయి. బాగుచెయ్యడానికిచ్చాం అన్నాడు దైఫుల్లా. అపెండిక్స్ కి తోడు ఇంకో అబద్ధం పుట్టింది, దానికీ ఏ లోటూ రాకుండా చూసుకున్నాడు.

కొడుకుని అడగడానికి ప్రయత్నించలేదని అనకూడదు. రోజూ ఆ గది దాకా వెళ్ళాడు. గొంతు సవరించుకున్నాడు. పగబట్టిన తెగల్ని కలిపిన నోరు తెరిచి, “భోంచేశావా నాన్నా?” అన్నాడు. ఊఁ అనేవాడు రకాన్. హమ్మయ్య అనుకుని తిరిగొచ్చేవాడు తండ్రి. అతనికి కొడుకంటే ప్రాణం, అందులో అబద్ధం లేదు. ఆ ప్రాణాన్ని పలకరించే మాట మాత్రం ఇంతకాలంలో ఆ ఒక్కటే నేర్చుకున్నాడు.

ఒక శుక్రవారం జుమా నమాజు అయ్యాక సత్తాం తండ్రి ఫోన్ చేశాడు. అబ్బాయికి ఒంట్లో బాగాలేదని ఆలస్యంగా తెలిసిందట, సాయంత్రం సత్తాంని కూడా తీసుకుని చూడ్డానికొస్తారట. దైఫుల్లా పొంగిపోయాడు. తను కుదిర్చిన రాజీ ఎంత గట్టిదో ఊరంతా చూస్తుంది. ఫిద్దాని కాఫీ దంచమన్నాడు.

“వాళ్ళు ఈ ఇంటికి రావడానికి వీల్లేదు” అంది ఫిద్దా.

“వచ్చే అతిథిని వద్దంటే రేపు నేనెవరి గుమ్మం ఎక్కగలనే?”

“మీరెక్కే గుమ్మాల సంగతి సరే. మన గుమ్మం దాటి పిల్లాడు వెళ్ళిపోబోయాడు. అది కనబడలేదా?”

జవాబు దొరకనప్పుడు పెద్దమనుషులు చేసేదే దైఫుల్లా చేశాడు, నమాజు వంక పెట్టి మసీదుకెళ్ళాడు. కాఫీ అతని చెల్లెలొచ్చి దంచింది.

సాయంత్రం వాళ్ళొచ్చారు. సత్తాం తండ్రి, ఇద్దరు బాబాయిలు, సత్తాం, ఇద్దరు మోస్తే గాని కదలని కునాఫా పళ్ళెం. సత్తాం జుట్టు నున్నగా దువ్వుకుని, చేతిలో ఫోన్ తో, పరుపు మీద జారగిలబడ్డాడు. దైఫుల్లా స్వాగత వచనాలు మొదలుపెట్టాడు. తన ఇల్లు వాళ్ళ ఇల్లేనన్నాడు, వాళ్ళ అడుగు పడి గడప పావనమైందన్నాడు. సత్తాం తండ్రి అందుకుని, ఆ రోజు అబూ రకాన్, అంటే రకాన్ తండ్రి, చూపిన పెద్దమనసు తమ తెగ ఏడుతరాలు మర్చిపోదన్నాడు.

అప్పుడు తెర తొలగించుకుని రకాన్ వచ్చాడు.

అతన్నెవరూ పిలవలేదు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, ఆసుపత్రిలో చిక్కిపోయిన ఒంటి మీద అది వేలాడుతోంది. ఎడమచేతిలో కాఫీ కూజా, కుడిచేతిలో ఒకదానిలో ఒకటి దొంతరగా కప్పులు. చావడిలోకి అతిథులొస్తే పెద్దకొడుకు కాఫీ పొయ్యాలి. పొయ్యొద్దని ఎవరూ చెప్పలేదు కాబట్టి వచ్చాడు. తెర వెనక ఫిద్దా చెయ్యి చాచి ఆపబోయి, అంతలోనే మగవాళ్ళ చావడి అని ఆగిపోయింది. ఆగినందుకు ఆ తర్వాత చాలాకాలం తనను తాను తిట్టుకుంది.

రకాన్ పెద్దవాడికి పోశాడు. బాబాయిలకు పోశాడు. సత్తాం ముందుకొచ్చి నిలబడ్డాడు. సత్తాం ఫోన్ లోంచి తల ఎత్తకుండానే చెయ్యి చాచాడు. రకాన్ నడుము వంచాడు.

వసంతంలో జాహా వచ్చిన రోజు కూడా అతను ఇలాగే వంగి ఉంటాడు. ఆరోజు దైఫుల్లా చూడలేదు, మంత్రిగారి ముఖం చూస్తున్నాడు. ఈరోజు చూడ్డానికి మంత్రి లేడు. కొడుకు ముఖం కనబడింది. అందులో కోపం లేదు, ఏడుపు లేదు, అసలేమీ లేదు. దీపం ఆర్పేసిన గదిలా ఉంది. ఆ ముఖం దైఫుల్లాకు కొత్త కాదు. లోయ వైపు వెళ్ళిన రోజు పొద్దున ఖలఫ్ ఇదే చావడిలో, ఇదే ముఖంతో, తమ తండ్రికి ఇలాగే వంగి కాఫీ పోశాడు. ఎంత బుద్ధిమంతుడో అని తండ్రి మురిసిపోయాడు. పక్కన కూర్చున్న దైఫుల్లా కూడా మురిసిపోయాడు.

దైఫుల్లా లేచాడు. కొడుకు చేతిలోంచి కూజా తీసుకున్నాడు.

“ఈరోజు ఈ ఇంట్లో కాఫీ లేదు” అన్నాడు.

సత్తాం తండ్రి అది వేళాకోళమనుకున్నాడు. “అదేంటి అబూ రకాన్, కూజా నీ చేతిలో పొగలు కక్కుతోంటే?”

“ఉంది. మీకు లేదు. పోయిన వసంతంలో మీకొకటి ఇచ్చాను. అది నాది కాదు. నాది కానిదాన్ని నలుగురి మెప్పుకోసం దానం చేశాను. ఆ హక్కు వీడిది. మళ్ళీ వీడికి ఇచ్చేస్తున్నా. కావాలంటే మీవాడు వచ్చి వీణ్ణి అడుక్కోవాలి. ఇచ్చేదీ లేనిదీ వీడిష్టం.”

సత్తాం మొదటిసారి ఫోన్ లోంచి తలెత్తాడు.

పోసిన కాఫీ కప్పుల్లోనే ఉండిపోయింది. వాళ్ళు చెప్పులు వేసుకుని, గడప అవతల నిలబడి అనాల్సినవన్నీ అనుకుంటూ వెళ్ళారు. చీకటి పడేలోగా ఊరంతా పాకిపోయింది. అతిథికి కాఫీ లేదన్న దైఫుల్లా రేపు ఏ ముఖం పెట్టుకుని ఇంకొకళ్ళ చావడిలో కప్పు ముందు పెట్టుకుంటాడన్నారు. కొడుకు కడుపులోంచి తీసేసిన చీము తండ్రి తలకెక్కిందని, లేజర్ ఆపరేషన్లు అందుకే మంచివి కావని ముసలి మేనమామ తేల్చాడు.

ఇవేవీ ఇంకా దైఫుల్లా చెవిన పడలేదు. వాళ్ళు వీధి మలుపు తిరగకముందే అతను కూజా, ఒక్క కప్పు పట్టుకుని కొడుకు గదిలోకి వెళ్ళాడు. రకాన్ మంచం చివర కూర్చుని ఉన్నాడు. కింద చాప మీద, కొడుకు కాళ్ళ దగ్గర దైఫుల్లా కూర్చున్నాడు. కాఫీ తనే పోసుకున్నాడు. తాగకుండా కప్పు ఇద్దరి మధ్యా పెట్టాడు. గది నిండా యాలకుల వాసన.

“బిస్మిల్లా. ఉత్తమ వంశంలో పుట్టి, అతిథిమర్యాదలకు పేరుపొందిన...” అని మొదలుపెట్టాడు. అడిగే పని మీద వచ్చినవాడు అలా మొదలుపెట్టడం తప్ప అతనికి ఇంకోలా రాదు. రకాన్ తండ్రినే చూస్తున్నాడు. దైఫుల్లా ఆ వాక్యాన్ని అక్కడే వదిలేశాడు.

“మీ బాబాయి కాలు జారి పడలేదు నాన్నా.”

“తెలుసు.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. ఆయన పేరు ఎవరెత్తినా, అడక్కుండానే నువ్వు కాలు జారిందంటావు.”

దైఫుల్లా కప్పు వైపు చూశాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

“నీకు ఇంకా చచ్చిపోవాలనుందా?”

అడిగేశాడు. ఇల్లు కూలలేదు. గుమ్మం అవతల ఫిద్దా వచ్చి నిలబడింది. దైఫుల్లా నాలుక చివర వంద మాటలొచ్చి నిలబడ్డాయి: ముందున్న జీవితం గురించి, అల్లా దయ గురించి, వంశం పేరు గురించి. ఒక్కొక్కటీ ఎంతో అందమైన మాట. ఒక్కొక్కదాన్నీ మింగాడు. మాటలు మింగడం అతనికి జీవితంలో అదే మొదలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. కొడుకు ఒక్కసారి తాగమంటే చాలు, బతికిపోతాను అనుకున్నాడు.

రకాన్ కప్పు వైపు చూశాడు. దాని అర్థం తెలియనివాడు కాదు, ఆ చావడిలో పుట్టి పెరిగినవాడు.

“ఇప్పుడే తాగకు” అన్నాడు.

“తాగను నాన్నా.”

“చాలాసేపు పడుతుంది.”

“పట్టనీ.”

రకాన్ కాళ్ళు మంచం మీదికి లాక్కున్నాడు. గోడవైపు తిరగలేదు. బడి వెనక గోడ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు, తడబడుతూ, మధ్యమధ్య ఆగిపోతూ. ఆగినప్పుడల్లా దైఫుల్లా ఊరికే కూర్చున్నాడు. అతను ముందు పెట్టుకున్న కాఫీ మొట్టమొదటిసారి చల్లారిపోయింది. దానివైపు ఇద్దరూ చూడలేదు.